గర్భధారణలో మూలికల వాడకం

గర్భధారణలో మూలికల వాడకం అనగా గర్భిణీ స్త్రీలు మొక్కల ఆకులు, వేళ్ళు, గింజలు, పాలు, నూనెలను ఆహారంగా గాని, ఔషధంగా గాని తీసుకోవడం. మొక్క నుండి వచ్చినంత మాత్రాన మందు నిరపాయకరం కాదు. అది ఏ మొక్క అన్నదే కాక, అందులోని ఏ భాగం, ఎంత మోతాదు, ఎన్నో నెల అన్న విషయాలపై దాని ఫలితం ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని మలికిపురం, గోదావరి పాయలైన వశిష్ఠ, వైనతేయల నడుమ ఉన్న మండల కేంద్రం. ఈ సీమలోని కొబ్బరితోటలలోను, ఇళ్ళ పెరళ్ళలోను బొప్పాయి, మునగ, కరివేపాకు, తులసి, కలబంద కనిపిస్తాయి. చేతికందే మొక్కలు కావడం వలన వీటిని మందుగా ఎంచక, వాడిన సంగతి వైద్యులకు చెప్పకపోయే అవకాశం ఉంది. గర్భంలో మొదటి మూడు నెలలలో శిశువు అవయవాలు రూపొందుతాయి. తల్లి రక్తంలో చేరిన పదార్థాలలో అనేకం మాయ ద్వారా శిశువును చేరగలవు. కొన్ని మూలికలు గర్భాశయాన్ని సంకోచింపజేస్తాయి.

ఒకే మొక్క, వేర్వేరు ఫలితాలు

* బొప్పాయి: 2002లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగాలలో పచ్చికాయ పాలు గర్భాశయాన్ని సంకోచింపజేశాయి. బాగా పండిన పండు రసం అలా చేయలేదు. కనుక పచ్చికాయను, దోరకాయను మానాలి.
* మునగ: ఆకులు, కాయలు పోషకాహారం. వేరు బెరడును మాత్రం వాడరాదు.
* మెంతులు: పోపులో, కూరలో వేసే పరిమాణం ఆహారమే. చెంచాలకొద్దీ పొడిని మందుగా తీసుకోరాదు.
* అల్లం: వేవిళ్ళ వికారానికి ఉపశమనంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలలో పేర్కొన్నది. పరీక్షలలో రోజుకు సుమారు 1 గ్రాము శొంఠి పొడి వాడారు. రక్తం పలుచబడే మందులు తీసుకునేవారు ముందుగా వైద్యుని అడగాలి.
* ఆముదం: ఇందులోని రిసినోలిక్ ఆమ్లం పేగులతోబాటు గర్భాశయాన్ని కూడా ప్రేరేపిస్తుంది. మలబద్ధకానికి సొంతంగా తాగరాదు.
* కలబంద: ఆకు పైపొర కింద ఉండే పసుపురంగు ద్రవం తీవ్ర విరేచనకారి. లోపలికి తీసుకోరాదు.

విడనాడవలసినవి

చిత్రమూలం, అడవినాభి, జిల్లేడుపాలు విషపూరితాలు. వీటిని గర్భస్రావం కోసం తాగడం గాని, వేరును, పుల్లను గర్భాశయంలోకి చొప్పించడం గాని రక్తస్రావానికి, క్రిములు సోకడానికి, తల్లి మరణానికి దారితీయవచ్చు. గర్భం వద్దనుకున్నవారికి 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం, 2021 సవరణల ప్రకారం, నిర్ణీత పరిస్థితులలో శిక్షణ పొందిన వైద్యుల ద్వారా సురక్షితమైన మార్గం ఉంది.

లోహాలు కలిసిన మందులు

ముప్పు ఎల్లప్పుడూ మొక్కదే కాదు. 2011–2012లో న్యూయార్క్ నగరంలో భారతదేశపు ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణులలో సీసపు విషప్రభావం కనుగొన్నారు. సీసం శిశువు మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందువలన భస్మాలను, చేర్చిన పదార్థాల వివరాలు లేని చూర్ణాలను గర్భిణులు వాడరాదు.

జాగ్రత్తలు

* గర్భం నిర్ధారణ కాగానే అంతకుముందు వాడుతున్న మూలికలన్నిటినీ వైద్యునికి గాని, ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పాలి. పేరు తెలియకపోతే పొట్లాన్ని, ఆకును తీసుకువెళ్ళి చూపాలి.
* 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. ఈ వివరాలు చెప్పడానికి అది తగిన సందర్భం.
* వైద్యులు ఇచ్చిన ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలకు బదులుగా మూలికలను వాడరాదు.
* బాలింతలకు పెట్టే కాయాన్ని కాన్పుకు ముందు తినరాదు.
* మూలిక తీసుకున్న తరువాత రక్తస్రావం, కడుపునొప్పి, ఆగని వాంతులు, శిశువు కదలికలు తగ్గడం వంటివి గమనిస్తే వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. ఏమి తీసుకున్నదీ దాచకుండా చెప్పడం వలన చికిత్స త్వరగా అందుతుంది.