ఊపిరాడటం, ఆక్సిజన్ అందడం: మానవ శ్వాసక్రియపై ఒక వివరణ

వ్యాససంగ్రహం:

తెలుగువారి నిత్యవ్యవహారంలో ‘ఊపిరాడటం’ అనే మాట గాలి కదలికను, రక్తానికి ఆక్సిజన్ అందడాన్ని, ఆయాసం లేకపోవడాన్ని కలగలిపి సూచిస్తుంది. శరీరధర్మశాస్త్రం దృష్టిలో ఇవి మూడు వేర్వేరు విషయాలు. ఒకటి సక్రమంగా ఉన్నట్లు తోచినప్పుడే మరొకటి ప్రాణాంతకస్థితికి చేరుకోవచ్చు. ఈ భేదాన్ని శ్వాసక్రియ దశలవారీగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శ్వాసక్రియ, ఊపిరితిత్తి, వాయుగోణులు, వాయు వినిమయం, హీమోగ్లోబిన్, ఆయాసం.

ఉపోద్ఘాతం:

“ఆక్సిజన్ పీల్చుకొని కార్బన్ డయాక్సైడ్ వదులుతాం” అనే వాక్యం పాఠశాల స్థాయి నుంచి మనకు పరిచితమే. అది అసత్యం కాదు, అసంపూర్ణం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటుంది. వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా మిగిలే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం నుంచి సుమారు 4 శాతానికి పెరుగుతుంది. ఊపిరి ఆగిన మనిషికి మరొకరు నోటితో గాలి ఊది ప్రాణం నిలపగలగడానికి ఆధారం మిగిలిన ఈ ఆక్సిజనే. కాబట్టి శ్వాసక్రియ అంటే ఒక వాయువు రావడం, మరొకటి పోవడం మాత్రమే కాదు. రెండింటి పాళ్లలో జరిగే పాక్షికమైన మార్పిడి.

1. తిత్తి - గాలి కదలిక:

‘ఊపిరితిత్తి’ అనే సమాసంలోని ‘తిత్తి’ తోలుసంచికి పేరు. కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదే సాధనమూ తిత్తే. ఈ పోలిక శాస్త్రదృష్టిలోనూ సమంజసమైనది. గాలి చొరబడటం వల్ల కొలిమితిత్తి ఉబ్బదు. దాన్ని తెరిచినప్పుడు లోపలి చోటు పెరిగి, పీడనం తగ్గి, గాలి లోనికి వస్తుంది. ఛాతీలో జరిగేదీ ఇదే. ఉదరవితానం సంకోచించి కిందికి దిగుతుంది. పక్కటెముకలు పైకి, బయటికి కదులుతాయి. ఊపిరితిత్తుల్లోని పీడనం బయటి గాలికన్నా ఒకటి రెండు మిల్లీమీటర్ల పాదరసమట్టం మేరకు తగ్గితే చాలు, ఉచ్ఛ్వాసం జరుగుతుంది. విశ్రాంతిలో నిశ్వాసానికి కండరశ్రమ అక్కర్లేదు. సాగిన ఊపిరితిత్తులు తమ స్థితిస్థాపకత వల్ల ముడుచుకుంటాయి.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. కొలిమితిత్తిలో గాలి వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. ఊపిరితిత్తులకు రాకపోకలు రెండింటికీ ఒకటే దారి. విశ్రాంతిలో ఒక్కసారి పీల్చే సుమారు 500 మి.లీ. గాలిలో దాదాపు 150 మి.లీ. ముక్కు, వాయునాళం, శ్వాసనాళాల్లోనే నిలిచిపోతుంది. వినిమయస్థానానికి చేరే తాజా గాలి 350 మి.లీ. మాత్రమే.

ఈ చిన్న లెక్క వల్ల తేలే ఫలితం పెద్దది. నిమిషానికి 12 సార్లు 500 మి.లీ. చొప్పున పీల్చినా, 24 సార్లు 250 మి.లీ. చొప్పున పీల్చినా మొత్తం 6 లీటర్లే. కాని వినిమయానికి అందేది మొదటి సందర్భంలో 4.2 లీటర్లు, రెండో సందర్భంలో 2.4 లీటర్లు. పైపైన వేగంగా ఆడే ఊపిరి చూపరికి ఎక్కువగా కనిపించినా శరీరానికి తక్కువే ఇస్తుంది.

2. వాయుగోణులు - వినిమయం:

‘గోణి’ అంటే సంచి. ఊపిరితిత్తుల్లో ఇలాంటి వాయుగోణులు 30 కోట్లకు పైగా ఉంటాయి. వీటి లోపలి వైశాల్యం సుమారు 70 చదరపు మీటర్లు. గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. ఒక ఎర్ర రక్తకణం విశ్రాంతిలో ఈ రక్తకేశనాళికలను దాటడానికి దాదాపు 0.75 సెకను పడుతుంది. అందులో మూడో వంతు కాలంలోనే వినిమయం పూర్తవుతుంది.

వాయువులు ఈ పొరను దాటించేది పాక్షిక పీడనాల తేడా. వాయుగోణిలో ఆక్సిజన్ పీడనం సుమారు 104, అక్కడికి వచ్చే రక్తంలో 40 మిల్లీమీటర్లు. కార్బన్ డయాక్సైడ్‌కు ఈ తేడా 45, 40 మధ్య మాత్రమే. అయినా అది ఆక్సిజన్ కన్నా సుమారు 20 రెట్లు సులువుగా పొరలను దాటుతుంది. ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను స్రవిస్తాయని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బోర్ భావించాడు. ఆయన శిష్యుడు ఆగస్ట్ క్రో, మరీ క్రో దంపతులు 1910లో ప్రయోగాల ద్వారా పీడనాల తేడా ఒక్కటే వినిమయానికి చాలునని నిరూపించారు.

3. రక్తం - రవాణా:

రక్తంలోని ఆక్సిజన్‌లో సుమారు 98 శాతం హీమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకొని ప్రయాణిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 70 శాతం బైకార్బనేట్ రూపంలో తిరిగివస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగినచోట హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను సులువుగా విడుస్తుందని బోర్, ఆయన సహచరులు 1904లో ప్రకటించారు. ఎక్కువ పనిచేసే కండరానికి ఎక్కువ ఆక్సిజన్ అందే ఏర్పాటు ఇది. అసలు ‘మంట’ తిత్తిలో కాక కొలిమిలో ఉన్నట్లే, ఆక్సిజన్ వినియోగం ఊపిరితిత్తుల్లో కాక కణాల్లోని మైటోకాండ్రియాలలో జరుగుతుంది.

4. ఆయాసం - ఏ వాయువు హెచ్చరిక?

ఊపిరి బిగబట్టినప్పుడు కలిగే బాధ ఆక్సిజన్ కొరత వల్లనేనని సామాన్యంగా భావిస్తాం. వాస్తవానికి ఆ బాధకు ప్రధాన కారణం పేరుకునే కార్బన్ డయాక్సైడ్. జె.ఎస్. హాల్డేన్, జె.జి. ప్రీస్ట్‌లీ 1905లో ఈ విషయాన్ని స్థాపించారు: వాయుగోణుల్లో ఆ వాయువు స్వల్పంగా పెరిగినా శ్వాస గణనీయంగా పెరుగుతుంది. మజ్జాముఖంలోని గ్రాహకాలు దానివల్ల కలిగే ఆమ్లత్వాన్ని గుర్తిస్తాయి. ఆక్సిజన్‌ను కనిపెట్టే గ్రాహకాలు మెడలోని ధమనుల దగ్గర ఉన్నా, దాని పీడనం సుమారు 60 మిల్లీమీటర్లకు పడిపోయేదాకా అవి శ్వాసను బలంగా ప్రేరేపించవు.

1875 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లో ‘జెనిత్’ అనే బెలూన్‌లో ముగ్గురు 8,000 మీటర్లకు పైగా ఎగిరారు. వారి దగ్గర ఆక్సిజన్ సంచులున్నా సమయానికి వాడుకోలేకపోయారు. క్రోచె-స్పినెల్లి, సివెల్ మరణించారు. బతికిన గాస్టన్ టిస్సాండియే తనకు బాధ కాక ఒకవిధమైన ఆనందం కలిగిందని రాశాడు. పలుచని గాలిలోనూ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది కనుక బాధ కలిగించే హెచ్చరిక మోగలేదు.

5. అనువర్తనం:

చాలాకాలం మూసి ఉంచిన ఇనుప ట్యాంకులో తుప్పు ఆక్సిజన్‌ను హరిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టించదు. అందులోకి దిగినవాడు ఆయాసపడకుండానే కూలిపోతాడు. ధాన్యపు పాతరలో గింజలూ శ్వాసిస్తాయి కనుక ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అక్కడ హెచ్చరిక ఉన్నా తప్పించుకొనే వ్యవధి ఉండదు. మ్యాన్‌హోళ్లలో వీటికి తోడు హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులుంటాయి. పడిపోయినవాడిని తీయబోయి రెండోవాడూ ప్రాణం కోల్పోయే విషాదానికి మూలం “నాకు ఊపిరి బాగానే ఆడుతోంది” అనే నమ్మకమే. దిగడానికి ముందు గాలిని పరికరంతో పరీక్షించాలి. దిగేవాడి అనుభూతి ప్రమాణం కాజాలదు.

2020-21 కోవిడ్ కాలంలో కొందరు రోగులు మామూలుగా మాట్లాడుతూనే ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గిన స్థితిలో ఆసుపత్రికి చేరారు. కార్బన్ డయాక్సైడ్ సులువుగా వెలుపలికి పోతుండటం అందుకు ఒక ముఖ్యకారణం. వేలికి పెట్టే ఆక్సీమీటరు ఇంటింటి వస్తువైంది అప్పుడే. దానికీ పరిమితి ఉంది: అది హీమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చెబుతుంది గాని, హీమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. తీవ్ర రక్తహీనత ఉన్నవారిలోనూ 98 కనిపించవచ్చు.

ముగింపు:

1. గాలి కదలిక, వాయు వినిమయం, కణాల్లో ఆక్సిజన్ వినియోగం వేర్వేరు దశలు. మొదటిది మాత్రమే కంటికి కనిపిస్తుంది.

2. ఆయాసం ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ హెచ్చరిక. ఆయాసం లేకపోవడం ఆక్సిజన్ అందుతున్నదనడానికి రుజువు కాదు.

3. ‘తిత్తి’, ‘గోణి’ వంటి పదాలు బోధనకు బలమైన ఆధారాలు. అయితే ‘ఊపిరాడటం’ అనే మాటను గాలి కదలికకే పరిమితం చేసి, ‘ఆక్సిజన్ అందడం’ అనే మాటను వేరుగా వాడటం తరగతిలోనూ, ఆరోగ్యప్రచారంలోనూ అవసరం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం ప్రాణాపాయానికి దారితీయగలదని పై ఉదాహరణలు నిరూపిస్తున్నాయి.