మీకు తెలుసా? అహోబిలంలో చదివిన కవి పాటలకు రాగి రేకుల సంపుటి

విడివిడిగా విడుదలైన పాటను రాక్ సంగీతంలో ‘సింగిల్’ అంటారు. ఆల్టర్నేటివ్ రాక్ బృందం ‘ది క్యూర్’ 1978 నుంచి విడుదల చేసిన సింగిల్స్‌ను 1986లో ‘స్టాండింగ్ ఆన్ ఎ బీచ్’ పేరుతో ఒకే ఆల్బమ్‌గా తెచ్చింది.

అలా విడి పాటలను ఒకచోట చేర్చి భద్రపరిచే పని మన తాళ్లపాక వంశం వారు అయిదు వందల ఏళ్ల కిందటే చేశారు. ఆ పాటల కవి ఆ వంశానికే చెందిన అన్నమయ్య (1408–1503). నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలంలో ఆదివణ్ శఠకోప యతి వద్ద ఆయన వేదాంతం చదివారని మనవడు చిన్నన్న రాసిన ద్విపద చరిత్ర చెబుతోంది. రోజుకు కనీసం ఒక్క సంకీర్తన చొప్పున మొత్తం 32 వేలు రాశారని ప్రతీతి. కుమారుడు పెద తిరుమలాచార్యులు వాటిని రాగి రేకులపై చెక్కించారు. అధ్యాత్మం, శృంగారం అని వాటిని వేరు చేశారు కూడా. ఎంత ముందుచూపు!

రేకు మీద పాట పైన రాగం పేరు ఉంటుంది. కింద పల్లవి, చరణాలు. స్వరాలు మాత్రం ఉండవు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. ‘నానాటి బ్రతుకు’కు రేవతి రాగంలో బాణీ కట్టింది నేదునూరివారే.

అహోబిలంలో తొమ్మిది రూపాల్లో కొలువైన నవ నారసింహుల మీదా అన్నమయ్య పాటలున్నాయి. అహోబిలం వెళ్లేటప్పుడు దారిలో ఒకటైనా వినండి.