చరిత్ర బోధనలో పాత్రాభినయం: చీరాల–పేరాల ఉదంతం

పాత్రాభినయం అనగానే వేషధారణ, కంఠస్థ సంభాషణలు స్ఫురిస్తాయి. ఈ వ్యాసం ప్రస్తావించేది అది కాదు. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలలో మార్క్ కార్న్స్ 1990 దశకంలో రూపొందించిన 'రియాక్టింగ్ టు ద పాస్ట్' పద్ధతిలో విద్యార్థికి పాత్ర, లక్ష్యం, నాటి పత్రాలు మాత్రమే ఇస్తారు. వాదన విద్యార్థి నిర్మించుకోవాలి. ఫలితం చరిత్రకు భిన్నంగానూ ఉండవచ్చు.

మార్టూరు ప్రాంత విద్యార్థులకు ఇందుకు తగిన ఘట్టం సమీపంలోని చీరాల–పేరాల ఉద్యమం. ఈ గ్రామాలను మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చగా పన్నుల భారం పెరిగి ప్రతిఘటన మొదలైంది. 1921 ఏప్రిల్‌లో వచ్చిన గాంధీజీ పన్ను నిరాకరణ, ఊరు విడవడం అనే రెండు మార్గాలు సూచించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు ఊరు వెలుపల రామనగరంలో సుమారు 11 నెలలు నివసించారు.

తరగతిలో అభినయించవలసింది తరలింపుకు ముందటి చర్చను. ఇంట్లో గుంటమగ్గం ఉన్న నేతగాడికి ఇల్లు వదలడమంటే జీవనాధారాన్ని వదలడమే. గృహిణికి నీటి చింత, వర్తకునికి సరుకు చింత. పురపాలక అధికారి పాత్రను సమర్థుడైన విద్యార్థికే అప్పగించాలి. అతడు కేవలం ప్రతినాయకుడైతే చర్చే ఉండదు. 1922 ఫిబ్రవరి నాటి చౌరీచౌరా ఘటన, ఉద్యమ విరమణ ఏ పాత్రకూ తెలియరాదు. తెలిసిన ముగింపు నుంచి వెనక్కి తర్కించడం మన పరీక్షలు పెంచిన అలవాటు.

అభినయానంతర సమీక్షకూ అంతే సమయం కావాలి. ఏ వాదనకు పత్రాధారం ఉంది, ఏది ఊహ? అధికారుల నివేదికలు, నాయకుల రచనలు దొరికినంత సులభంగా నేతగాడి మాట దొరకదు. ఆ పాత్రధారి ఈ లోటును ఎలా పూరించాడో వివరిస్తూ రాసే రెండు పుటలకే మార్కులు ఇవ్వాలి, నటనకు కాదు.