గిలక, గిలక్కాయ

సెలవులకు పిల్లలు వచ్చారంటే మా ఇంట్లో పొద్దస్తమానం వినిపించే మాటలు రెండే: "ముట్టుకోవద్దు", "పడేస్తావు". అనేది నేనే. ఇల్లు చిన్నది, సామాను పాతది, ఏం చేయమంటారు?

ఈ వేసవిలో మనవణ్ణీ మనవరాలినీ వెంటబెట్టుకుని కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియానికి వెళ్ళాను. వాడికి ఏడేళ్ళు, దానికి నాలుగు. పెళ్ళయి బెంగుళూరు వచ్చి నలభై ఏళ్ళయినా, కబ్బన్ పార్కుకు వెళ్ళినప్పుడు బయటినుంచి చూడడమే తప్ప లోపల అడుగుపెట్టింది లేదు. మ్యూజియమంటే అద్దాల వెనక కత్తులూ నాణేలూ అనుకునేదాన్ని.

విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది మోక్షగుండమని ఆయన ఇంటిపేరే చెబుతుంది. ఆ ఊరు బేస్తవారిపేట వైపు, మా పుట్టింటికి దగ్గరే. 1908లో మూసీ పొంగి హైదరాబాదు మునిగాక, వరద నివారణకు పథకం వేసిందీ ఆయనే. నూరేళ్ళు దాటి బతికి 1962 ఏప్రిల్లో కన్నుమూశారు. అదే ఏడు జూలైలో నెహ్రూగారు ఈ భవనాన్ని ప్రారంభించారు. విద్యుత్తు గురించిన మొదటి గ్యాలరీ 1965లో తెరిచారు. ఇదంతా పిల్లలకు చెబుదామని పొద్దున్నే నెమరువేసుకుని వెళ్ళాను గానీ, వినేవాళ్ళెవరు?

లోపల మీటలు నొక్కాలి, చక్రాలు తిప్పాలి, తాళ్ళు లాగాలి. పెద్దాడు ఒక్క పరుగున వెళ్ళి కనిపించినదల్లా నొక్కడం మొదలుపెట్టాడు. చిన్నది మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "నొక్కు తల్లీ" అన్నాను. తల అడ్డంగా ఊపి, "అమ్మమ్మ కోప్పడుతుంది" అంది. నాతోనే!

నాకు నోట మాట రాలేదు.

యంత్రాల హాల్లో బరువులు లేపే తాళ్ళున్నాయి. ఒకదానికి ఒక్క గిలక, పక్కదానికి ఇంకొన్ని. "పుల్లీ" అన్నాడు వాడు, బోర్డు మీది ఇంగ్లీషు చదివి. "మా ఊళ్ళో బావి మీద ఉండేదిరా, గిలక అంటాం" అన్నాను. చిన్నది చటుక్కున నావైపు తిరిగింది. "గిలక్కాయా?" దానికి తెలిసిన గిలక అదొక్కటే, తమ్ముడి చేతిలోది. కాదని చెప్పినా నమ్మలేదు. చప్పుడవుతుందేమో చూద్దామని తాడు పట్టుకుని లాగింది. చప్పుడు కాలేదు గానీ బరువు లేచింది. ఇక దాని చేతులు మళ్ళీ వెనక్కి పోలేదు.

పెద్దాడు అన్నిటినీ లాగి చూసి, "ఇది తేలికే గానీ తాడు చాలాసేపు లాగాలి" అని ఫిర్యాదు చేశాడు. కనిపెట్టాడు! రెండు తాళ్ళు పంచుకుని మోస్తే సగం బలం చాలు, కానీ తాడు రెట్టింపు లాగాలి. బావి దగ్గర ఇన్నేళ్ళు నీళ్ళు తోడాను, ఈ లెక్క నాకూ ఆ రోజే తెలిసింది.

రైట్ సోదరుల విమానానికి అసలు కొలతలతోనే నమూనా ఉంది. మా వాడక్కడ చాలాసేపు నిలబడ్డాడు. కదిలే డైనోసార్ బొమ్మ దగ్గర మాత్రం చిన్నదాని ఏడుపు మూడు అంతస్తులకూ వినిపించి ఉంటుంది. నాలుగైదేళ్ళ వాళ్ళను తీసుకెళ్ళేవారు ముందే చెప్పి ఉంచండి. అన్నీ ఒక్కరోజే చూపించాలని పంతం పట్టకండి. మేం సగం కూడా చూడలేదు. ఒక్క తాడు దగ్గరే అరగంట. పొద్దున్నే వెళితే తమ వంతు కోసం తోసుకోనక్కర్లేదు. పులిహోర తీసుకెళ్ళాను, పార్కులో చెట్టుకింద తిన్నాం.

ఇంటికొచ్చాక చూస్తే చిన్నది అద్దాల బీరువా ముందు నిలబడి ఉంది. లోపల కొండపల్లి అంబారీ ఏనుగు. మా అమ్మ ఇచ్చినది. నేను తప్ప ఎవరూ ముట్టుకున్నది లేదు.

"అమ్మమ్మా, ఇది చూసేదా, ముట్టుకునేదా?"

కాసేపు ఆలోచించి తాళంచెవి తెచ్చాను. పొణికి చెక్క కదా, దాని చేతిలో దూదిలా ఉంది. "ఇంత తేలికా!" అంది.

సాయంత్రానికి మావటివాడు ఊడి వచ్చాడు. పెద్దాడూ నేనూ కూర్చుని ఫెవికాల్‌తో అతికించాం. ఇప్పుడు కాస్త కుడివైపుకు ఒరిగి ఉన్నాడు.