పురుగుమందు డబ్బా మీద రంగు

పురుగుమందు కొనేటప్పుడు మనం ధర అడుగుతాం, ఏ పురుగుకు పనిచేస్తుందో అడుగుతాం. డబ్బా మీద మూలపై నిలబెట్టిన చదరం వంటి గుర్తు ఒకటి ఉంటుంది. దాని దిగువ సగం ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో అయి ఉంటుంది. ఆ రంగు అందానికి వేసినది కాదు. ప్రయోగశాలలో ఎలుకలు ప్రాణమిచ్చి చెప్పిన సాక్ష్యం అది.

ఎలాగంటారా? తెల్ల ఎలుకలను గుంపులు చేసి, గుంపుకొక మోతాదు చొప్పున మందు పడతారు. ఏ మోతాదుకు సగం ఎలుకలు చస్తాయో లెక్కగట్టి, ఒంటి బరువు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. దీనిని ఎల్.డి. 50 అంటారు. 1927లో ట్రెవన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఈ లెక్క చూపించాడు. ఇప్పుడు తక్కువ ఎలుకలతో సరిపెట్టే పద్ధతులు వచ్చినవి. అంకె ఎంత చిన్నదైతే విషం అంత పెద్దదన్నమాట. దీన్ని తిరగేసి అర్థం చేసుకునేవారు లేకపోలేదు.

మన దేశపు 1971 నాటి నిబంధనల ప్రకారం ఈ అంకె 50 లోపు ఉంటే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. ఎరుపుకు పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. మన పత్తి చేలలో ఏళ్ల తరబడి చల్లిన మోనోక్రోటోఫాస్ ఎరుపు జాతిది. పావుకిలో కూడా తూగని ఎలుకకు ఆ మందు చుక్కలో పావువంతు చాలు. మందు కొట్టే మనిషి దాన్ని తాగడు గదా అంటారేమో. అందుకే వెంట్రుకలు తీసిన చర్మం మీద పూసి కూడా పరీక్షిస్తారు. వీపుమీద పంపు కారితే జరిగేది అదే.

అయితే ఎలుక సాక్ష్యానికీ హద్దు ఉన్నది. మలాథియాన్ సంగతే చూడండి. ఎలుక కాలేయంలో ఉండే ఒక ఎంజైము దాన్ని చకచకా విరిచేస్తుంది. పురుగుకు ఆ బలం తక్కువ. గనుక పురుగు చస్తుంది, ఎలుక తట్టుకుంటుంది. అటువంటి మందే 1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమల కోసం ఇండ్లలో చల్లితే, సుమారు 2,800 మంది పనివారు జబ్బుపడ్డారు, అయిదుగురు చనిపోయారు. నిలవలో ఆ పొడి చెడి, ఐసోమలాథియాన్ అనే కల్మషం పుట్టింది. అది ఆ రక్షణ ఎంజైమునే కట్టిపడేసింది. డబ్బా మీది రంగు చెడని సరుకుకే చెల్లుతుంది. గడువు తీరినదాన్ని, రేకుల కొట్టంలో ఎండకు ఉడికినదాన్ని ఆ రంగు చూసి నమ్మరాదు.

ఇక జీవ సంబంధమైన మందులు. బి.టి. అనే సూక్ష్మజీవి తయారుచేసే విషపు పలుకు గొంగళి పురుగు కడుపులోని క్షారంలో కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. ఎలుక పొట్టలో ఉన్నది ఆమ్లం, పైగా పేగులో ఆ విషం అతుక్కునే తావు లేదు. అందుచేత ఎంత పెట్టినా ఎలుక దిటవుగానే ఉంటుంది. ఇది చూసి, మొక్కలనుంచి వచ్చినదంతా మంచిదే అనుకుంటే పొరపాటు. పొగాకులోని నికోటిన్ ఎలుకకు గట్టి విషం, చర్మంగుండా కూడా దిగుతుంది. పొగాకు కషాయం కాచే ఇంట దాన్ని వట్టి చేతులతో పిసకరాదు. వంటగిన్నె అసలే వాడరాదు.

ఎల్.డి. 50 ఒక్కసారి పడిన మోతాదు లెక్క మాత్రమే. రోజూ కొద్దికొద్దిగా తగిలితే ఏమవుతుందో చూడటానికి ఎలుకలకు రెండేళ్లపాటు మేతలో కలిపి పెడతారు. ఆ ఫలితం డబ్బా రంగులో కనబడదు.

మందు కొట్టినవారికి నోట చొల్లు కారటం, చెమటలు, కంటిపాప చిన్నదవటం, వణుకు కనిపిస్తే పని ఆపించి, బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. మలాథియాన్, మోనోక్రోటోఫాస్ జాతికి అట్రోపిన్ సూది ఉన్నది. తక్కిన జాతులలో చాలావాటికి చికిత్స వేరు. గనుక రోగితోపాటు ఆ డబ్బాను కూడా, పేరు చిరగకుండా, డాక్టరుగారికి చూపించవలెను.