పెంపుడు కుక్క – మేని సంరక్షణ

కుక్కను పెంచువారు దానికి వేళకు తిండి పెట్టుటతోను, ఏటేటా టీకా వేయించుటతోను తమ బాధ్యత తీరినదని తలచుట కద్దు. బొచ్చు దువ్వుట, గోళ్ళు తీయుట, చెవులు తుడుచుట మొదలైనవి ప్రదర్శనలకు పోవు కుక్కలకే గాని ఇంటి కుక్కకు అక్కరలేదని వారి అభిప్రాయము. మరికొందరు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో వెలసిన గ్రూమింగు పార్లరులకు నెలకొకమారు కుక్కను కొనిపోయి, స్నానము చేయించి తెచ్చి, అంతటితో పని ముగిసినదని సంతోషింతురు. ఈ రెండు పద్ధతులలోను ఒక లోపమున్నది. కుక్క మేనిని శుభ్రపరచుట అందము కొరకు మాత్రమే కాదు. అది మన చేతులతో మనము చేయు ఆరోగ్యపరీక్ష. నోరులేని జీవి తన నొప్పిని చెప్పుకొనలేదు. చెవిలోని పుండును గాని, చంకలోని గడ్డను గాని, బొచ్చు మాటున దాగిన పురుగును గాని నెలకొకమారు తాకు పరాయి చేతి కంటె, దినదినము తాకు ఇంటివారి చేయి ముందుగా గుర్తింపగలదు.

మన ప్రాంతమున ఈ పరీక్ష ఎంత అవసరమో తెలియుటకు గోమార్ల సంగతి ఒక్కటి చాలును. వీనినే కొన్నిచోట్ల పిడుదులందురు. ఇవి రక్తము పీల్చుటతో ఊరకుండక, కుక్కల రక్తమున ప్రాణాంతకమైన వ్యాధులను ప్రవేశపెట్టును. అట్టి వ్యాధులలో ఒకటైన ఎర్లీకియా జ్వరమును 1935లో అల్జీరియా దేశమున మొదట గుర్తించిరి. బెబీసియా గిబ్సోనై అను మరియొక సూక్ష్మజీవిని 1910లో పేటన్ అను శాస్త్రజ్ఞుడు మన పొరుగుననే, మద్రాసులో, వేటకుక్కల రక్తమునందును నక్కల రక్తమునందును కనుగొని వర్ణించెను. ఈ జ్వరములు సోకిన కుక్క తిండి మానును, నీరసించును, దాని చిగుళ్ళు పాలిపోవును. కొన్నిటికి ముక్కునుండి రక్తము కారును. ఆలస్యమైనచో మరణమును సంభవింపవచ్చును. సకాలమున వైద్యుని చూపినచో చికిత్స కలదు. ఆ సకాలమును పట్టియిచ్చునది దువ్వెన పట్టిన చేయియే.

పని ఆరంభించుటకు ముందు కుక్కను దానికి అలవాటు చేయవలెను. రెండు నెలల ప్రాయమున ఇంటికి వచ్చిన పిల్లయైనచో ఇది సులభము. మొదటి వారమున దువ్వెన ఊసే వలదు. అది ప్రశాంతముగా పండుకొనియున్న వేళ దాని పాదములను, చెవులను, తోకను, పెదవులను మెల్లగా తాకి, వెంటనే ఒక చిన్న తినుబండారము నీయవలెను. ఆ తరువాత దువ్వెనను వాసన చూడనిచ్చి, రెండు మూడు మారులు దువ్వి మానవలెను. ప్రారంభమున ఐదు నిమిషములకు మించరాదు. కుక్క విసుగు చెందకమునుపే మనము ఆపినచో, మరునాడు అది తానై వచ్చి కూర్చుండును.

కుక్కకు ఇష్టము లేనపుడు అది ముందుగానే తెలియజేయును. మూతి నాకుకొనును, తల ప్రక్కకు త్రిప్పుకొనును, కంటి తెల్లగ్రుడ్డు కనబడునట్లు ఓరగా చూచును. అపుడును మనము మానకున్నచో గుర్రుమనును. గుర్రుమన్నందుకు కొట్టుట చాల పొరపాటు. దెబ్బ తిన్న కుక్క గుర్రుమనుట మాని, తరువాత హెచ్చరిక లేకయే కరచును. భారత కథారంభమున, ఏ తప్పును చేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టిరని సరమ అను దేవశుని ఆ రాజునే నిలదీసినదని మనము చదివియున్నాము. ఇంట దువ్వెన పట్టువారు ఆ కథను మరువరాదు. బాధ కలిగినచోట చేయి తీసి, కారణమేమో చూడవలెను. ఎన్నడును గుర్రుమనని కుక్క ఒకచోట తాకగానే గుర్రుమన్నచో అచట నొప్పి ఉన్నదని గ్రహింపవలెను.

ఒకవేళ కరచుటయే జరిగినచో, అది ఇంటి కుక్కయని, టీకా వేసినదని ఉపేక్షింపరాదు. గాయమును ధారగా పడు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని వద్దకు పోవలెను. పిల్లలు కుక్కను దువ్వునపుడు పెద్దలొకరు దగ్గర నుండి తీరవలెను.

పనిముట్లు అనేకము అక్కరలేదు. పండ్లు ఎడముగా ఉన్న లోహపు దువ్వెన ఒకటి, సన్నని తీగపండ్ల బ్రష్షు ఒకటి, కుక్కల గోళ్ళ కత్తెర ఒకటి, సన్నమొన గల పట్టకారు ఒకటి, దూది, రెండు పాత తువాళ్ళు చాలును. పొట్టిబొచ్చు గల మన నాటుకుక్కలకును, రాజపాళయము, ముధోల్ జాతులకును రబ్బరు బ్రష్షుతో వారమునకొకమారు రుద్దినచో సరిపోవును. మన ఊళ్ళలో పమేరియన్ అని పిలువబడు తెల్లని స్పిట్జ్ కుక్కకు మాత్రము శ్రమ అధికము. దానికి రెండు పొరల బొచ్చున్నది. పైన నిగనిగలాడు నిడుపాటి వెండ్రుకలు, లోపల దూది వంటి నూగు. పైపైన దువ్వినచో చూపులకు బాగుండును గాని, లోపలి నూగు జడలు కట్టును.

అందుచేత బొచ్చును ఒక చేతితో పైకెత్తి పట్టుకొని, చర్మము కనబడునట్లు పాయ తీసి, క్రిందినుండి పాయ వెంబడి పాయగా దువ్వవలెను. చెవుల వెనుక, చంకలలో, తొడల వెనుక, మెడపట్టీ క్రింద జడలు ముందుగా కట్టును. జడను కత్తెరతో కత్తిరింపబోరాదు. జడతోపాటు చర్మమును పైకి లేచివచ్చుటచే కత్తెర చర్మమును తెగకోయును. జడ మొదటిని వ్రేళ్ళతో బిగించి పట్టుకొని, కొననుండి కొంచెము కొంచెముగా విడదీయవలెను. విడిపోనంత బిగిసినచో పనివారి చేతనో వైద్యుని చేతనో తీయింపవలెను. వానకాలమున జడల క్రింద తడి నిలిచి చర్మము చెడును. అట్టి పుండుపై ఈగలు గ్రుడ్లు పెట్టినచో పురుగులు పడును. పొలముల వెంట తిరిగి వచ్చు కుక్క వ్రేళ్ళ నడుమ పల్లేరుకాయలు గ్రుచ్చుకొనియుండును. వానిని ఆ పూటనే తీయవలెను.

గోమారి కనబడినచో పట్టకారుతో చర్మమునకు అతి దగ్గరగా దానిని పట్టి, మెలిత్రిప్పక, నిదానముగా తిన్నగా లాగవలెను. వ్రేళ్ళతో నలుపరాదు. కిరసనాయిలు గాని, నేల కడుగు ఫినాయిలు గాని కుక్క ఒంటికి పూయుట మిక్కిలి ప్రమాదము. అవి చర్మమును కాల్చుటయే గాక, కుక్క నాకుటచే కడుపులోనికి పోయి విషమగును. రక్తము త్రాగి నిండిన ఆడగోమారి నేలకు రాలి, గోడ పగుళ్ళలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున కుక్క పండుకొను చోటును, పరుపును, గోడమూలలను కూడ శుభ్రపరుపవలెను. గోమార్లు పట్టకుండ వాడదగిన మందును వైద్యుడు కుక్క తూకమును బట్టి నిర్ణయించును. కుక్కకు వాడు కొన్ని మందులు పిల్లికి విషములు. ఇంట పిల్లి యున్నచో ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

వేసవి రాగానే బొచ్చుకుక్కను చర్మమంట గొరిగించుట పలువురకు వాడుక. దానివలన కుక్కకు చల్లగా ఉండునని వారి నమ్మిక. కాని కుక్క మనవలె ఒళ్ళంతయు చెమర్చి చల్లబడదు. నాలుక చాచి రొప్పుటచే ప్రధానముగా చల్లబడును. రెండు పొరల బొచ్చు ఎండ నేరుగా చర్మమును తాకకుండ కాపాడును. గొరిగిన కుక్క చర్మము ఎండకు కమలును. కొన్నిటికి బొచ్చు మరల సరిగా పెరుగకపోవుటయు కలదు. రోహిణీకార్తెలో స్పిట్జ్ కుక్కకు కావలసినది మంగలికత్తి కాదు. నీడయు, గాలియు, చల్లని నీరును, లోపలి రాలు నూగును నిత్యము దువ్వి తీయుటయు.

స్నానము నెలకొకమారు చాలును. బురదలో పొర్లినపుడు వేరు మాట. ముందు దువ్విన తరువాతనే నీరు పోయవలెను. తడిసిన జడ మరింత బిగియును. గోరువెచ్చని నీరు మెడనుండి వెనుకకు పోసి, ముఖమును తడిగుడ్డతో మాత్రమే తుడువవలెను. మన చర్మము కొంత ఆమ్లగుణము గలది. కుక్క చర్మము తటస్థగుణమునకు దగ్గరగా నుండును. అందుచేత మన సబ్బులు దానికి సరిపడవు. కుంకుడు రసము కన్నుల మంట పుట్టించును. కుక్కలకై తయారైన షాంపూనే వాడి, నురుగు మిగులకుండ కడుగవలెను. పిదప తువాలుతో అద్ది, లోపలి నూగు సైతము ఆరువరకు గాలి తగులనీయవలెను.

కుక్క చెవి రంధ్రము లోపల మలుపు తిరిగియుండును. కనుక పుల్లకు దూది చుట్టి లోనికి పోనీయుట వలన మురికి మరింత లోతునకు పోవును. కంటికి కనబడు మేరకు దూదితో తుడిచిన చాలును. దుర్వాసన వచ్చినను, నల్లని గసి కనబడినను, కుక్క తల విదిలించుచుండినను వైద్యుని చూపవలెను. లాబ్రడార్ వంటి వ్రేలాడు చెవుల కుక్కలకు ఈ జాగ్రత్త మరింత అవసరము.

గోరు లోపల కొంతదూరము రక్తనాళము వ్యాపించియుండును. తెల్లని గోటిలో అది గులాబిరంగున కనబడును. దానికి ఇవతలనే కత్తిరింపవలెను. నల్లని గోటిలో కనబడదు గనుక ఒక్కొక్కమారు బియ్యపుగింజ ప్రమాణము మించక తీయుచు, కోసినచోట నడుమ నల్లని చుక్క అగపడగానే ఆపవలెను. రక్తము వచ్చినచో దూదితో అదిమి పట్టి, పటిక పొడి అద్దవచ్చును. ముంగాలి లోపలివైపున బొటనవ్రేలివలె పైకి ఉండు గోరు నేలకు రాసుకొనదు, అరుగదు. అది వంకర తిరిగి మాంసములో గ్రుచ్చుకొని కుంటితనము తెచ్చును. పలువురు మరచునది ఈ గోరునే. పండ్లను కుక్కల పేస్టుతో తోమవలెను. మన పేస్టులలో కొన్నిట ఉండు జైలిటాల్ అను తీపి పదార్థము కుక్కకు విషము.

దువ్వుట ముగిసిన పిమ్మట రెండు అరచేతులతో మేనంతయు ఒకమారు తడిమి చూడవలెను. ఆడకుక్క పొదుగు వెంట వ్రేళ్ళతో నిమిరి గడ్డలున్నవేమో పరీక్షింపవలెను. శస్త్రచికిత్స చేయింపని ఆడకుక్కలకు అచట కంతులు పుట్టుట తరచుగా జరుగును. పై పెదవి ఎత్తి చిగురును వ్రేలితో నొక్కి విడిచినచో తెల్లబారిన చోట రెండు సెకనులలో గులాబిరంగు తిరిగి రావలెను. వెండ్రుకలూడి గుండ్రని మచ్చ ఏర్పడినచో తామర కావచ్చును. అది ఇంటిలోని పిల్లలకును అంటును. ఇవన్నియు మనము గుర్తించుటకే గాని మనమే మందు వేయుటకు కాదు. తోక క్రింది గ్రంథులను పిండుట, లోతైన పుండ్లను కడుగుట వంటివి పశువైద్యుని పనులు.

వారమునకు రెండు మారులు, సాయంకాలపు చల్లని వేళ, ఒక అరగంటను ఇందుకై కేటాయించుట ఏ ఇంటనైనను సాధ్యమే. వరండాలో ఒక పాత గోనె పరచి, ప్రతిమారు ఒకే చోట, ఒకే క్రమమున, తలనుండి తోక వరకు ఈ పని సాగించినచో కొలది వారములలోనే ఇంటివారికిని కుక్కకును అది అలవడును. దాని ఒడలిపై నిన్న లేనిది నేడు ఏమున్నదో అపుడు మన చేతులకే తెలియును.