టైలర్ ఇంటి దారిలో వెండి పలక

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, రిచ్‌మండ్ నుంచి విలియమ్స్‌బర్గ్ వెళ్ళే ఐదో నంబరు రోడ్డు పక్కన ఒక వెండిరంగు పలక ఉంది. పదో అధ్యక్షుడు జాన్ టైలర్ ఇల్లు ఆ దగ్గర్లోనే ఉందని నల్లక్షరాలతో చెబుతుంది. 1842లో కొన్నాడు, 1845 మార్చిలో పదవి దిగి వచ్చాడు, పడుచుదైన రెండో భార్యతో విందులు చేస్తూ మరో పెద్ద సంసారం పెంచాడు, అంతర్యుద్ధంలో ఇల్లు దెబ్బతింది. సారాంశం ఇంతే.

వర్జీనియా 1927లో మొదలుపెట్టిన ఈ పలకలు ఇప్పుడు 2,600 దాటాయి. దారిన పోయేవాళ్ళ కోసం రాసేవి కాబట్టి నాలుగైదు వాక్యాల్లోనే ముగించాలి. అంత ఇరుకు చోటులో విందులకు జాగా దొరికింది. ఆ విందుల వెనక చాకిరీ చేసిన బానిసలకు దొరకలేదు. నన్ను బాధపెట్టేది అదే.

1841లో అధ్యక్షుడు విలియం హెన్రీ హారిసన్ పదవి చేపట్టిన నెలకే కన్నుమూశాడు. ఉపాధ్యక్షుడు టైలర్ ఆ స్థానంలోకి వచ్చాడు. అలా జరగడం ఆ దేశంలో అదే మొదలు. జాతీయ బ్యాంకు బిల్లులను వీటో చేశాడని సొంత విగ్ పార్టీయే అతన్ని వెలివేసింది. రాబిన్‌హుడ్‌లా తానూ వెలిపడ్డవాడినేనని, తను కొన్న తోటకు అతని అడవి పేరే, షెర్వుడ్ ఫారెస్ట్ అని పెట్టుకున్నాడు.

ఇల్లు చూడాల్సిందే. మొత్తం చెక్కతో కట్టింది, వెడల్పు ఒక్క గదే, పొడవు మాత్రం 300 అడుగులు దాటుతుంది. వంటిల్లు, పనివాళ్ళ గదులు, కచేరీ గది అన్నీ ఒకే వరుసలో కలిసిపోయాయి. అందులో 68 అడుగుల నాట్యశాల ఒకటి. వర్జీనియా రీల్ అనే నాట్యంలో ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎదురెదురుగా రెండు బారు వరుసలు కడతారు. ఆ వరుసలు పట్టాలనే గదిని అంత పొడుగ్గా తీశారు.

ఆ పడుచు భార్య పేరు జూలియా, టైలర్ కంటే 30 ఏళ్ళు చిన్నది. బానిసత్వాన్ని ఆపించమని సదర్లాండ్ డచెస్, మరికొందరు ఇంగ్లండు స్త్రీలు అమెరికా స్త్రీలను వేడుకుంటే, ఆమె 1853లో బానిసత్వాన్ని సమర్థిస్తూ పత్రికలకు బహిరంగ లేఖ రాసింది. ఇక టైలర్ చివరి దశ చూడండి. 1861లో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కాంగ్రెసుకు ఎన్నికై, 1862 జనవరిలో రిచ్‌మండ్‌లోని ఒక హోటల్లో చనిపోయాడు. దేశాధ్యక్షుడిగా చేసినవాడు ఆ దేశాన్నే కాదని పోయాడు. ఈ ముక్క పలక మీద రాయడానికి ఒక్క వాక్యం చాలు.

1790లో పుట్టిన టైలర్ మనవడు మన కాలందాకా బతికాడంటే నమ్మబుద్ధి కాదు. తండ్రి, తాత ఇద్దరికీ ముదిమిలో బిడ్డలు పుట్టారు మరి. హారిసన్ రఫిన్ టైలర్ 1928లో పుట్టి 2025 మేలో కన్నుమూశాడు. తాత ఇంటికి మరమ్మతులు చేయించి నిలబెట్టింది ఆయనే. 1996లో ఆ ఇల్లున్న కౌంటీలోనే జేమ్స్ నది ఒడ్డున ఫోర్ట్ పోకహాంటస్ అనే పాత మట్టికోటను కూడా కొన్నాడు. 1864 మే 24న దక్షిణాది అశ్వికదళాన్ని నల్లజాతి సైనికులు వెనక్కి తరిమింది అక్కడే. ఆ సైనికుల్లో చాలామంది అంతకుముందు బానిసలే.